స్టోర్నోవే కైఫియత్తు

నేను స్టోర్నోవే చూడలేదు. ఇప్పట్లో చూస్తానన్న నమ్మకమూ లేదు. స్కాట్లాండ్ పడమటి తీరంలో ఉల్లాపూల్ అనే చిన్న రేవు దాకా వెళ్లి, అక్కడ ఫెర్రీ ఎక్కి రెండున్నర గంటల పైన సముద్రం మీద పోతే వస్తుందా ఊరు. లూయిస్ దీవికి తూర్పు పక్కన, గాలికి దొరక్కుండా ఒదిగి కూర్చున్న రేవు. జనాభా ఏడు వేలకు అటూ ఇటూ. మన లెక్కలో ఓ మాదిరి మేజర్ పంచాయతీ. అయినా నాలుగేళ్లుగా ఆ ఊరి గురించి పాతవాళ్లు రాసింది ఏది దొరికినా వదలకుండా చదువుతున్నాను. "అక్కడ మనకి చుట్టాలెవరైనా ఉన్నారా?" అని మా ఆవిడ ఒకసారి అడిగింది, వెటకారంగానే.

ఉన్నాడు, ఒకడు. కాలిన్ మెకంజీ ఆ ఊళ్లోనే పుట్టాడు.

కైఫియత్తులు, అంటే కరణాలు చెప్పగా గుమాస్తాలు రాసుకున్న ఊళ్ల చరిత్రలు, చదివినవాళ్లకి ఈ పేరు చెప్పక్కర్లేదు. చదవనివాళ్లకోసం నాలుగు ముక్కలు. 1754 ప్రాంతంలో స్టోర్నోవేలో ఒక వర్తకుడి ఇంట పుట్టాడు. అదే రేవులో కస్టమ్స్ ఉద్యోగం చేశాడు. ముప్ఫై ఏళ్లు వస్తుండగా, 1783లో, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు దిగాడు. మళ్లీ ఇంటి ముఖం చూడలేదు. మైసూరు సర్వే, దత్తమండలాల సర్వే చేయించి, 1815లో మొత్తం ఇండియాకి తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821లో కలకత్తా దగ్గర పోయాడు. భూమి కొలవడానికి వచ్చిన మనిషి, పనిలో పనిగా ఊళ్ల కథలు పోగేశాడు. ఆయన పోయాక విల్సన్ అనే పండితుడు 1828లో అచ్చువేసిన జాబితాలో ఊళ్ల వివరాల రాతలే 2,070 ఉన్నాయి, శాసనాల నకళ్లు 8,076. అందులో తెలుగు వాటా చిన్నదేం కాదు. మా ఊరిదీ ఉంది. రెండున్నర పేజీలు.

ఆ రెండున్నర పేజీలు చెప్పింది మా ఇంటి పెద్దే అయి ఉంటాడని మా నమ్మకం. మా తాత కరణం. ఆయన తండ్రీ కరణమే. 1984లో ప్రభుత్వం కరణీకాలు రద్దు చేసేదాకా ఊరి లెక్కలన్నీ మా వసారాలో ఇనప్పెట్టెలో ఉండేవి.

కైఫియత్తుల గురించి మన దగ్గర రెండు పాటలు వినిపిస్తాయి. ఒకటి: తెల్లవాడు మనల్ని ఏలడానికి మన దగ్గరే కూపీ లాగాడు, అవి పాలకుల కళ్లతో చూసిన ఊళ్లు, వాటిని నమ్మొద్దు. యూనివర్సిటీ సెమినార్లలో ఇది ఎక్కువ. రెండోది: ఇదిగో మా ఊరి అసలు చరిత్ర, కాకతీయుల నాడే మా గుడికి మాన్యం ఇచ్చారు. ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇది ఎక్కువ. రెండు పాటలూ పాడేవాళ్లని స్టోర్నోవే ఒకసారి తీసుకెళ్లాలని నా కోరిక. కాగితాల మీదే అనుకోండి.

ఎందుకంటే ఊళ్ల కైఫియత్తులు పోగేసిన మనిషి సొంత ఊరికి కైఫియత్తు లేదు.

వర్ణనలు లేవనడం లేదు, కావలసినన్ని ఉన్నాయి. అన్నిట్లోకీ పేరున్నది మార్టిన్ మార్టిన్ అనే ఆయన రాసిన పశ్చిమ దీవుల వర్ణన, 1703లో లండన్‌లో అచ్చయింది. ఇంగ్లీషు నిఘంటువు రాసిన డాక్టర్ జాన్సన్ చిన్నప్పుడు వాళ్ల నాన్న చదవమని ఇచ్చిన పుస్తకం ఇదే. 1773లో, తర్వాత తన జీవితచరిత్ర రాసిన బాస్వెల్‌ని వెంటబెట్టుకుని ఆ దీవులకు బయల్దేరినప్పుడు కూడా ఇది వాళ్ల దగ్గరే ఉంది. (జాన్సన్ మాత్రం లూయిస్ దాకా రాలేదు. అయినా ఆ దీవుల గురించి ఎవరు మాట్లాడినా జాన్సన్‌తోనే మొదలుపెడతారు. పెద్దపేరుంటే అంతే.)

మార్టిన్ స్టోర్నోవేకి ఇచ్చింది కొద్ది వాక్యాలే. అఖాతం మొదట్లో ఊరు. అరవై కుటుంబాలు. తినడానికీ తాగడానికీ కొన్ని పూటకూళ్ల ఇళ్లు. ఒక చర్చి. ఒక బడి. దీవి పెత్తనం చూసే అధికారి కాపురం ఇక్కడే. పక్కనే పాడుబడ్డ కోట. క్రామ్‌వెల్ కాలంలో ఇంగ్లీషు సైన్యం పాడుచేసింది. అంతే. మనవాళ్లు "కసుబా ఫలానా" అని మొదలుపెట్టి గుడి, చెరువు, కోట, ఇళ్ల లెక్క చెప్పినట్టే ఉంటుంది. కానీ బడి గురించి చెప్పిన ముక్క దగ్గర నేను ఆగిపోయాను. ఆ బడిలో లాటిన్, ఇంగ్లీషు నేర్పుతారని రాశాడు.

దీవంతా మాట్లాడేది గేలిక్. తల్లి జోలపాట గేలిక్‌లో, పడవమీద తిట్టు గేలిక్‌లో. బడిలో మాత్రం లాటినూ ఇంగ్లీషూ. మార్టిన్ దీన్ని వింతగా రాయలేదు, గొప్పగా కూడా రాయలేదు. చర్చి ఉంది, బడి ఉంది అన్నట్టు రాసి ముందుకుపోయాడు. అప్పటికే తొంభై ఏళ్లుగా నడుస్తున్న వ్యవహారం అది. 1616లో స్కాట్లాండ్ ప్రభుత్వం చర్చి పరగణాకో బడి పెట్టమని చట్టం చేస్తూ, ఆ దీవుల్లోనూ కొండల్లోనూ అనాగరికతకి ముఖ్య కారణాల్లో ఈ భాష ఒకటని, దాన్ని లేకుండా చెయ్యాలని అందులోనే రాసింది.

దానికీ వెనక ఇంకో కథ ఉంది. ఆరో జేమ్స్ రాజు, తర్వాత ఇంగ్లండుకీ రాజైనవాడు, కొడుకు కోసం రాసిన పరిపాలన పాఠాల్లో కొండసీమ జనాన్ని రెండు రకాలు చేశాడు. ఇవతలి గడ్డమీద ఉన్నవాళ్లు అనాగరికులే గానీ కొంత మర్యాద తెలిసినవాళ్లు, దీవులవాళ్లు మాత్రం పూర్తిగా అనాగరికులు. వాళ్ల మధ్య బుద్ధిమంతులైన మన జనాన్ని తెచ్చి నాటాలి అని. నాటాడు కూడా. 1598లో ఫైఫ్ ప్రాంతపు పెద్దమనుషుల కంపెనీ ఒకటి లూయిస్ దీవిని రాయించుకుని స్టోర్నోవేలో దిగింది. ఈస్టిండియా కంపెనీ పుట్టడానికి రెండేళ్ల ముందు మాట ఇది. దీవిని ఏలుతున్న మెక్లౌడ్ వంశంవాళ్లు వీళ్లని బతకనివ్వలేదు. పదేళ్లు కిందామీదా పడి, చివరికి 1610లో తమ హక్కుల్ని మెకంజీల పెద్దకి అమ్ముకుని పోయారు. కాలిన్ మెకంజీ పుట్టిన ఊరు మెకంజీల చేతిలోకి వచ్చిన దారి అది.

మనల్ని అనాగరికులని రాసిన తెల్లవాళ్లంతా ఒక్క ముద్ద కాదని చెప్పడానికే ఇదంతా. అదే మాట పడ్డ ఊరినుంచి వచ్చినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. పడ్డవాళ్లు జాలిగా ఉంటారని నేను అనను, చాలాసార్లు ఉండరు కూడా.

ఇక 1790ల సంగతి. సర్ జాన్ సింక్లెయిర్ అనే ఆయన స్కాట్లాండ్ మొత్తానికీ ఒక ప్రశ్నల చిట్టా పంపాడు, 160 చిల్లర ప్రశ్నలు. ఊరి పేరెలా వచ్చింది, ఎంతమంది జనం, ఏం పండుతుంది, కూలి ఎంత, చేపలేం పడతాయి, శిథిలాలేమైనా ఉన్నాయా. జవాబులు రాయాల్సింది ఆ పరగణా చర్చి పాస్టరు. 938 పరగణాల జవాబులు 1791 నుంచి 1799 దాకా 21 సంపుటాలుగా అచ్చయ్యాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడ మెకంజీ మనుషులు ఊరూరూ తిరిగి కరణాలచేత కవిలెలు, అంటే ఊరి పాత లెక్కల కట్టలు, విప్పించడం మొదలైంది. ఇద్దరికీ ముడి ఉందని నేను అనను. కాలం అలాంటిది, అందరికీ లెక్కల పిచ్చి పట్టింది.

స్టోర్నోవేకి జవాబు రాసిన పాస్టరు పేరేమిటో తెలుసా? కాలిన్ మెకంజీ. మన మెకంజీ కాదు, పేరొక్కటే. మొదటిసారి చూసినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. ఆ దీవిలో మెకంజీలంటే మన పల్నాటిలో వెంకటేశ్వర్లులంతమంది, అంతకుమించి ఏం లేదు.

ఈ పాస్టరుగారి జవాబులో రేవు గురించీ చేపల గురించీ బోలెడంత ఉంది. నాకు గుర్తుండిపోయింది మాత్రం పనిమనుషుల సంగతి. ఊళ్లోవాళ్లు ఇంట్లో పనిచేసే ఆడవాళ్లకి రోజూ పొద్దున్నే ఒక గ్లాసు విస్కీ ఇచ్చేవారట. ఇవ్వకపోతే ఆ రోజు పని సాగేది కాదట. పాస్టరుగారికి ఇది నచ్చలేదని వాక్యం చూస్తేనే తెలుస్తుంది. ఆ విస్కీ తాగి పనికి వంగిన మనిషి మాత్రం ఏమనుకుందో లేదు. చలికి తాగిందా, జీతంలో భాగమనుకుని తాగిందా? నీళ్లు ఎంత దూరంనుంచి మోసేది? పాస్టరు ఆమెను అడిగి ఉండడు. అడిగినా ఆమె చెప్పింది గేలిక్‌లో, ఆయన రాసింది ఇంగ్లీషులో, అది చదివింది ఎడింబరోలో.

ఇక్కడ నన్నెవరైనా నిలదీయొచ్చు. మీ కరణం మాత్రం పనిమనిషిని అడిగాడా అని. అడగలేదు. మా ఊరి రెండున్నర పేజీల్లో ఒక్క ఆడమనిషి పేరు లేదు, అమ్మవారిది తప్ప. మాలపల్లి ఊసు లేదు. మంగలి, చాకలి మాన్యాల పద్దులో తగుల్తారు, మనుషులుగా కాదు. కరణాల వంశం మాత్రం ఏడు తరాలు ఉంది, ఎవరికి ఎవరు పుట్టారో సహా. ఎందుకో ఊహించడం కష్టం కాదు. మిరాశీ, అంటే కరణీకం మీద వంశపారంపర్య హక్కు, నిలవాలంటే వంశం కాగితం మీద ఉండాలి. సర్కారు మనిషి వచ్చి కలం తీసి అడుగుతుంటే ఏ కరణం ఊరుకుంటాడు?

చెరువు సంగతి ఇంకా బాగుంటుంది. మా ఊరి చెరువు ఫలానా వారు "తవ్వించిరి" అని ఉంది. మా తాతా అదే చెప్పేవాడు. చెరువు నడుమ రెండు మట్టిదిమ్మెలున్నాయి, తుమ్మచెట్లు మొలిచి. పాత కట్ట తాలూకు ముక్కలని తాత అనేవాడు. మూడేళ్ల కిందట వేసవిలో చెరువు ఎండినప్పుడు, మేకలు తోలుకొచ్చిన ఒక వడ్డెర ముసలమ్మ నన్ను చూసి నవ్వింది. "కట్టేంటి నాయనా, అవి మావోళ్లు వదిలిన దిమ్మెలు. ఎంత లోతు తవ్వినామో కొలిసి కూలి ఇయ్యాల గదా. దొర కొలవకముందే వాన కొట్టింది. కొలిసేదాకా దిమ్మెలు తియ్యకూడదు." ఎప్పటి వానో, ఏ దొరో ఆమెకి తెలీదు. వాళ్ల అవ్వ చెప్పింది. పాత పూడికతీతప్పటిది కూడా అయి ఉండొచ్చు. మా తాత మాటకన్నా ఆమె మాటే నాకు నిజమనిపిస్తుంది. కట్టలు మా తాత ఎన్నడూ వెయ్యలేదు.

కాబట్టి కరణం అబద్ధాలకోరే, లేదా కనీసం తనవాళ్ల పక్షమే. అది ఒప్పుకున్నాక కూడా మా ఊరి కైఫియత్తు స్టోర్నోవే వర్ణనకన్నా మేలంటాను. కారణం ఒక్కటే. కరణం అబద్ధం తెలుగులో ఉంది.

కైఫియత్తు తెలుగు చదివినవాళ్లకి తెలుసు. మౌజే, తాలూకే, సర్కారు, ఇనాము అంటూ పారసీ మాటలు, మధ్యలో అచ్చ తెలుగు క్రియలు, చుక్కా కామా లేకుండా "గనుక" మీద "గనుక" వేసుకుంటూ పేజీ చివరిదాకా పరుగు. ఇంగ్లీషు వ్యాకరణంతో దాన్ని దువ్వితే ఏం మిగలదు. కానీ ఆ పరుగులో మనిషి గొంతు వినిపిస్తుంది. "తవ్వించిరి" అన్న ఒక్క మాట చాలు, తవ్వింది వేరేవాళ్లని పట్టేయడానికి. "అందురు" అన్నాడా, "చెప్పుకొందురు" అన్నాడా, తాను చూశానన్నాడా అన్నది తూచొచ్చు. అబద్ధం కూడా సొంత భాషలో ఉంటే దొరికిపోతుంది. అనువాదంలో అబద్ధమూ నిజమూ ఒకే బట్ట కట్టుకుని వస్తాయి.

ఇది ఎలా మిగిలిందన్నదే నాకు అన్నిటికన్నా తమాషా. మెకంజీకి మన భాషలు రావు. 1817లో రాసిన ఒక పెద్ద ఉత్తరంలో ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు. కావలి వెంకట బొర్రయ్య పరిచయం అయ్యాకే ఇక్కడి విజ్ఞానం గుమ్మంలోకి తన మొదటి అడుగు పడిందని కూడా. బొర్రయ్య ఇరవయ్యేళ్ల కుర్రాడప్పుడు. 1803లో పోయాడు, ముప్ఫై నిండకుండానే. తర్వాత పని తమ్ముడు లక్ష్మయ్య మీద పడింది. గుమాస్తాలు ఊళ్లు తిరిగారు, కరణాలు చెప్పారు, తెలుగులో రాశారు, ఆ కట్టలు మెకంజీకి చేరాయి. ఇంగ్లీషులోకి చేయించినవీ చాలా ఉన్నాయి. కానీ దొరకి భాష రాదు కాబట్టి మూలం పారేయడానికి లేదు. రేపు ఎవరైనా సరిచూడాలంటే అదే దిక్కు. తర్వాత ఆ కాగితాలు మద్రాసులో శిథిలమైపోతుంటే బ్రౌన్ దొర నకళ్లు రాయించాడు. అలా మిగిలాయి.

మార్టిన్ సంగతి చూడండి. ఆయన స్కై దీవివాడు. గేలిక్ ఆయన అమ్మభాష. దుబాసీ అక్కర్లేదు. పడవవాణ్ణీ ముసలమ్మనీ నేరుగా అడిగాడు, విన్నాడు, అర్థం చేసుకున్నాడు. తిన్నగా ఇంగ్లీషులో రాసుకున్నాడు. ఆయనకి మూలం దాచాల్సిన అవసరమే రాలేదు. భాష రాని స్టోర్నోవే మనిషి మన తెలుగుని మిగిల్చాడు. భాష వచ్చిన స్కై మనిషి తన గేలిక్‌ని మింగేశాడు. ఇందులో ఎవరి మంచితనమూ లేదు, ఎవరి కుట్రా లేదు. పని జరిగిన తీరు అది. వలసపాలకుల చూపు అని ఒక్కమాటలో తేల్చేసేవాళ్లకి ఈ తేడా కనపడదు.

స్టోర్నోవే జనాన్ని నేరుగా అడిగిన రోజు ఒకటి వచ్చింది, చాలా ఆలస్యంగా. మధ్యలో దీవి చేతులు మారింది. 1844లో జేమ్స్ మాథెసన్ కొన్నాడు. జార్డిన్ మాథెసన్ కంపెనీలో సగం ఈయనే. మన దేశపు నల్లమందు చైనాకి చేరవేసి సంపాదించిన డబ్బు. మాల్వా రైతు గసగసాల చేనుకీ, స్టోర్నోవే రేవుకి ఎదురుగా ఇప్పటికీ నిలబడి ఉన్న కోటకీ మధ్య దారి పెద్ద పొడవేం కాదు. బంగాళాదుంప తెగులుతో కరువొచ్చినప్పుడు ఆయన గంజీ పోశాడు, తర్వాత 1851 నుంచి అయిదేళ్లలో 1,700 మందికి పైగా జనాన్ని తన ఖర్చుతో ఓడలెక్కించి కెనడాకీ పంపాడు. దాన్ని దానమని రాసినవాళ్లున్నారు, తరిమేయడమని రాసినవాళ్లున్నారు. ఓడెక్కినవాళ్లలో ఎక్కువమంది ఏమీ రాయలేదు.

1883లో చిన్నకమతాల రైతుల గోడు వినడానికి ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. చైర్మన్ లార్డ్ నేపియర్. పేరు ఎక్కడో విన్నట్టుందా? మద్రాసు నేపియర్ బ్రిడ్జి ఈయన పేరుదే. 1866 నుంచి 1872 దాకా మద్రాసు గవర్నరు. వచ్చీ రాగానే గంజాం కరువు చూశాడు. అంతకన్నా వింత, కాలిన్ మెకంజీని హిందూ గణితం వైపు మొదట తిప్పింది ఈయన పూర్వీకుడే, సంవర్గమానాలు కనిపెట్టిన జాన్ నేపియర్ జీవితచరిత్రకోసం. స్టోర్నోవేనుంచి మద్రాసుకి ఒకడొచ్చాడు, మద్రాసునుంచి స్టోర్నోవేకి ఇంకొకడు వెళ్లాడు. ఇలాంటివి కల్పిస్తే నవలలో అతికించినట్టుంటుంది.

కమిషన్ మే నెలలో స్కై దీవిలో మొదలుపెట్టింది. అక్కడ మొట్టమొదటి సాక్షి నోరు విప్పేముందే ఒక హామీ అడిగాడు. నేను నిజం చెబితే మా జమీందారు నన్ను భూమినుంచి వెళ్లగొట్టడని మాటిస్తారా అని. జూన్‌లో లూయిస్ వంతు. ఆ సాక్ష్యాల సంపుటాలు తెరిస్తే ప్రతి మనిషికీ పేరు, ఊరు, వృత్తి, వయసు ఉంటాయి. రైతు, జాలరి, యాభై ఏళ్లు, అరవై ఏళ్లు. ఎన్ని ఎకరాలు, ఎన్ని గొర్రెలు, శిస్తు ఎంత, పచ్చిక బీడు ఎవరు లాక్కున్నారు. కైఫియత్తులో కరణం పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నవాళ్లు ముందుకొచ్చి మాట్లాడినట్టుంటుంది. మూడేళ్లకి, 1886లో, కౌలు భద్రత ఇచ్చే చట్టం వచ్చింది. అడగడం వల్ల ఏమొస్తుందనేవాళ్లకి ఇది చెప్పొచ్చు.

కానీ చాలా పేర్ల కింద చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంటుంది: దుబాసీ ద్వారా. మాట్లాడింది గేలిక్, అచ్చయింది ఇంగ్లీషు. కమిషన్‌లో గేలిక్ ప్రొఫెసరే సభ్యుడిగా ఉన్నాడు. అయినా ఆ రైతు అన్న మాట అన్నట్టుగా ఎక్కడా లేదు.

గేలిక్ పూర్తిగా చచ్చిపోయిందనుకోకండి. ఈనాటికీ ఆ భాష గట్టిగా వినబడేది ఆ దీవుల్లోనే. 1951లో ఎడింబరోలో పెట్టిన ఒక సంస్థవాళ్లు టేపురికార్డర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పాటలూ కథలూ రికార్డు చేశారు. హెరింగ్ చేపలు కోసే ఆడపిల్లలు ముగ్గురేసి జట్లుగా ఇంగ్లండు దాకా రేవు వెంట రేవు తిరిగిన కబుర్లు, కత్తికి తెగకుండా వేళ్లకి గుడ్డపీలికలు కట్టుకున్న సంగతి, వాళ్ల నోటనే ఉన్నాయి. అవన్నీ ఇరవయ్యో శతాబ్దం గొంతులు. 1700ల నాటి స్టోర్నోవే వీధిలో మనుషులు ఏ మాటల్లో తగువులాడుకున్నారో వినాలంటే దారి లేదు. 1800 నాటి మా ఊరి కరణం ఎలా గొప్పలు పోయాడో నాకు అక్షరం అక్షరం తెలుసు.

మార్టిన్ పుస్తకంలో నేను మళ్లీ మళ్లీ చదివే పేజీ స్టోర్నోవేది కాదు, ఆ దీవి ఉత్తరం కొసది. చలికాలం మొదట్లో ఒక రాత్రి ఊరంతా చర్చి దగ్గర చేరేవారట. ఇంటికింత మాల్టు వేసుకుని బీరు కాచేవారు. ఒకడు గిన్నెడు బీరు పట్టుకుని నడుంలోతు సముద్రంలోకి నడిచేవాడు. షోనీ అనే సముద్రదేవతని కేకేసి పిలిచి, ఈ గిన్నె నీకిస్తున్నా, వచ్చే ఏడు మా పొలాలకి ఎరువుకి సరిపడా నాచు పంపు అని మొక్కుకుని, బీరు నీళ్లలో పారబోసేవాడు. గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి వల వేసేవాళ్ల ఊళ్లో ఎవరికైనా ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పాస్టర్లు కష్టపడి ఈ ఆచారం మాన్పించి ముప్ఫై ఏళ్లయిందని మార్టిన్ రాశాడు. అంటే నీళ్లలో దిగినవాళ్లు కొందరు ఇంకా బతికే ఉన్నారు. వాళ్లో, వాళ్లని చూసినవాళ్లో ఆ మొక్కు మార్టిన్‌కి అప్పజెప్పి ఉంటారు, గేలిక్‌లోనే. ఆయన విన్నాడు. పుస్తకంలో ఇంగ్లీషు వాక్యం ఒకటి ఉంది, మంచి వాక్యమే. అందులో గేలిక్‌ది షోనీ అన్న పేరు మాత్రమే.